మామకు వడ్డించిన పచ్చి బొప్పాయి మటన్

ఒకటిన్నర కిలోల మటన్ నా చేతిలో ఆనవాలు లేకుండా ఎలా పోయిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. మాంసం ప్రియులు గుండె చిక్కబట్టుకుని చదవండి.

పెళ్లైన రెండో నెల. మహారాష్ట్ర అంచున, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో మాది కిరాణా కొట్టు. అహేరి దగ్గర వరి పండించే మా మామ మొదటిసారి మా ఇంటికి వస్తున్నాడు. సంబంధం మాట్లాడేటప్పుడే "కొట్టుల కూసుండే పిలగాడు, పని చాతనైతదా?" అని అనుమానపడ్డ మనిషి. అందుకే వంట నేనే చేస్తానని ప్రకటించాను. తెచ్చిన మటనేమో ముదురు. కత్తికే లొంగడం లేదు.

నా భార్య స్వరూప పెరట్లోంచి పచ్చి బొప్పాయి కోసుకొచ్చింది.

"ఇది కలిపితే ముక్క మెత్తగైతది. వేలెడంత నూరి, అర్ధగంట పెట్టు, సాలు. నేను బస్టాండుకు పోయి బాపును తోలుకొస్త."

"గింత పెద్ద కాయల వేలెడంతనేనా? మిగిలింది ఏం జెయ్యాలె?"

"రేపు కూర వండుకుందాం. నువ్వు జర ఎక్వ తెలివి సూపెట్టకు."

ఉన్న తెలివిని చూపించకుండా ఎలా ఉంటాం, మీరే చెప్పండి? వేలెడంత ముక్కే అంత పని చేస్తే, మొత్తం కాయ ఇంకెంత చేస్తుంది! తొక్కతో సహా నూరి మటన్‌కు పట్టించాను. అంతలో స్వరూప ఫోన్ చేసింది.

"బాపు ఎక్కిన ఎస్టీ బస్సు రెండు గంటలు లేటట."

"మంచిదే, బాగ నానుతది!" అన్నాను. ఆ తర్వాత కుక్కర్‌లో ఎనిమిది కూతలు.

మూత తీస్తే ముక్కలు లేవు. ప్రాణహితలో జారిపోయిన ఉంగరాన్ని వెతికినట్టు గరిటెతో వెతికాను. బొక్కలు, అంటే ఎముకలు మాత్రం దొరికాయి, తోమిన గిన్నెల్లా తళతళలాడుతూ. మిగిలిందంతా పసుపుపచ్చటి జావ. గుమ్మంలో మామ దగ్గు వినిపించింది. గాభరాలో బొక్కలన్నీ ఏరి పెరట్లోకి విసిరేశాను.

మామ పీట మీద కూర్చున్నాడు. వడ్డించాను. ఒక ముద్ద తిన్నాడు. రెండు. మూడు.

"అల్లుడా, మంచిగ చేసినవ్. ఇంకింత వెయ్యి."

స్వరూప ఒకసారి గిన్నెలోకి, ఒకసారి నా మొహంలోకి చూస్తోంది. గిన్నె ఖాళీ అయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మామ వేళ్లు నాకి, కంచం ముందుకు జరిపాడు.

"పప్పు మస్తుగున్నది. ఇగ మటన్ వెట్టు."

"మామా... గదే మటన్."

మామ ఖాళీ గిన్నెను దగ్గరికి లాక్కుని చూశాడు. "మరి బొక్కలేవి?"

"బయట పారేసిన."

"అయ్యో, గవ్విటినన్న ఉంచకపోతివి! గవి సూసన్న మటనని నమ్ముదును."

స్వరూప కొంగు నోట్లో కుక్కుకుంది. మామ నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

ఆ ఖాళీ కంచం మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో బొప్పాయిని పండిన తర్వాతే ముట్టుకుంటాను. అది కూడా ఎవరైనా కోసి ఇస్తేనే.