కుంటిది దాటిందా?

మా పెద్దనాయన పోయాడన్న కబురు నాకు రైలు గిద్దలూరులో ఆగి ఉన్నప్పుడు వచ్చింది. నంద్యాలలో ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. అమ్మ ఫోన్ చేసి, "పెద్దనాయన పోయినాడు పాపా. ఆస్పత్రికి పోతా పోతా ఆటోలోనే పోయినాడు. దిగి వచ్చెయ్" అంది. ఎదురు సీట్లో ఉన్నామె నా ముఖం చూసి పైన ఉన్న నా బ్యాగు అందించింది. దిగాను. రైలు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి నేను మొదట అనుకున్నది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, ఇదీ: ఇంకా రెండు వంతులు మిగిలే ఉన్నాయి.

ఆయన మా నాయనకు అన్న. పెద్దారవీడుకు దగ్గర్లోని మా ఊళ్లో నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. ఎండాకాలం మందను నల్లమలలోకి తోలుకుపోయి, వానలు పడ్డాక తిరిగి దిగేవాడు. కిడ్నీలు పాడయ్యాక మందను అమ్మేశాడు. వారానికి మూడు రోజులు మార్కాపురంలో డయాలసిస్. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. మా నాయన పలకల ఫ్యాక్టరీకి పోవాలి. డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ రాక, ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతున్నది నేను. అందువల్ల ఆయన వెంట ఆటోలో వెళ్లే పని నాకు వచ్చింది. సేవాభావం అని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు.

నాలుగు గంటలు పట్టేది. ఆయన ఎడమ చేతికి రెండు సూదులు. ఒక గొట్టంలో రక్తం యంత్రంలోకి పోయి, ఇంకో గొట్టంలో తిరిగి వచ్చేది. మొదటి వారం నేను గోడ గడియారాన్ని చూశాను, ఆయన ఫ్యాన్‌ను చూశాడు. రెండో వారం ల్యాప్‌టాప్ తీసుకుపోయాను.

ఇలాంటి ఆటలు ఆడనివాళ్లకు నాలుగు మాటల్లో చెప్తాను. చదరంగంలో లాగా గళ్లున్న మైదానం ఉంటుంది. మన వైపు ఆరు రోబోలు, ఒక్కొక్కటీ ఐదంతస్తుల మేడంత. అవతల శత్రువులవి. మన వంతులో మనవన్నీ కదిపాక వాళ్ల వంతు. నేను ఆడుతున్నది ఇందులో కష్టమైన పద్ధతి. వేసిన అడుగు వెనక్కి తీసుకోవడం ఉండదు. పోయిన రోబో ఇక తిరిగి రాదు. మొత్తం ఇరవై ఆరు లెవెల్స్‌లో ఇరవై నాలుగోదానికి వచ్చి ఉన్నాను. ఆ లెవెల్లో కొండల మధ్య ఒక కనుమ దాటాలి. కనుమ చివర ఎగిరే ఓడ ఒకటి తలుపు తెరుచుకుని ఉంటుంది. పది వంతులయ్యాక అది ఎవరి కోసమూ ఆగదు. ఆరింటిలో నాలుగు ఎక్కినా గెలిచినట్టే.

"ఏంది పాపా ఇది, మన కనుమ మాదిరి ఉండాది?" అన్నాడు పెద్దనాయన. ఆయన ఆ తెర చూసి అన్న మొదటి మాట అది.

రోబోలకు ఆటలో నోరు తిరగని పేర్లున్నాయి. ఆయనకు అవి అక్కర్లేకపోయాయి. గొర్రెలను గుర్తుపట్టినట్టే గుర్తుపట్టాడు. ముఖం మీద తెల్లటి పట్టీ ఉన్నది బొల్లిది. నెత్తిన రెండు యాంటెన్నాలున్నది కొమ్ములది. ఇంకో రెండు, ఎర్రది, పొట్టిది. పెద్ద ఫిరంగి మోసేది నల్లది. అంతకుముందు లెవెల్లో కాలు దెబ్బతిని వంతుకు రెండే గళ్లు నడిచేది కుంటిది. రెండు రోజుల్లో నేను కూడా వాటి అసలు పేర్లు మర్చిపోయాను.

"కుంటిదాన్ని వదిలేస్తున్నా పెద్దనాయనా. శత్రువులు దాని మీద పడితే, ఆ లోపల మిగతావి తప్పించుకుంటాయి" అన్నాను.

"ఇనుమే గదా, పోనీ" అన్నాడు. నేను బాణం గుర్తును కుంటిదాని మీద పెట్టాను. పక్కన చిన్న బొమ్మ వచ్చింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయిది. "ఈ పిల్ల ఎవురు?"

"దాన్ని నడిపేది."

"లోపల మనిషి ఉండాదా?"

"అన్నిట్లోనూ ఉంటారు."

ఆయన కాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. "ముందే చెప్పొద్దూ! అయితే ఆరూ దాటాల."

"నాలుగు చాలు. నాలుగుతో గెలుస్తాం."

"గెలిచేది నీ లెక్క. నాకు ఆరూ దాటాల."

అక్కడి నుంచి అది నా ఆట కాకుండా పోయింది. రోజుకు ఒక వంతు, మహా అయితే రెండు. ఆయన ప్రతి గడినీ చూసేవాడు. ఈ బండ వెనక నీడ ఉంటుంది అనేవాడు. ఆటలో నీడకు విలువ లేదని చెప్తే, "ఆటకు లేకపోతే నీకు లేదా?" అనేవాడు. మధ్యలో బీపీ పడిపోయి ఒక అరగంట నిద్రపోయేవాడు. లేచి, ఆపిన చోటు నుంచే మాట అందుకునేవాడు. డయాలసిస్ సిస్టర్ అటుగా వచ్చినప్పుడల్లా, "ఏంది తాతా, యుద్ధం యాడిదాకా వచ్చింది?" అని అడిగేది.

"యుద్ధం గాదు సిస్టరమ్మా. మంద తోలతాండాం."

మా వైపు గొర్రెల మందలో రెండు మూడు మేకలను కలుపుతారు. గొర్రె తల వంచుకుని ముందున్నదాని తోక వెంట పోతుంది. మేక తలెత్తి దారి చూస్తుంది. కాపరి అన్నిటికంటే వెనక నడుస్తాడు. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసరికి గుర్తు రాలేదు.

"నల్లదాంట్లో ఎవురుండారు?" అని ఒకరోజు అడిగాడు.

"వీళ్లందరికీ పెద్ద. బలం కూడా దానికే ఎక్కువ."

"పెద్దయితే ముందర ఎందుకు నడుస్తుండాడు?"

"ముందున్నవాళ్లను కొట్టడానికి."

"చిరుత ముందర నుంచి రాదు పాపా. ఎనక మిగిలినదాన్ని పట్టుకుంటాది."

నేను వినలేదు. నల్లదాన్ని ముందే నడిపించాను.

ఈ రోబోలు కాల్చినకొద్దీ వేడెక్కుతాయి. వేడి మరీ ఎక్కితే ఒక వంతు కదలకుండా నిలబడిపోతాయి. వాగు ఉన్న గళ్లలో నిలబెడితే చల్లబడతాయి. ఈ సంగతి ఆయనకు చెప్పడం నేను చేసిన పొరపాటు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ తెరిచానంటే ఆయన మొదటి ప్రశ్న, "నీళ్లు తాగినాయా?" ఆయనకు డాక్టరు రోజంతటికీ అర లీటరు నీళ్లే రాశాడు. పెద్దమ్మ సీసా మీద పెన్నుతో గీతలు గీసి పంపేది. ఆయన గీత దాకా తాగి, మూత బిగించి, పెదాలు తుడుచుకుని తెర వైపు తిరిగేవాడు.

ఒకరోజు నేను మందుల షాపుకు పోయి వచ్చేసరికి ఐదో వంతు అయిపోయి ఉంది. నన్ను చూసి చూసి మీటలు నొక్కడం నేర్చుకున్నాడు. ఆరింటినీ వాగులో వరుసగా నిలబెట్టాడు, అసలు వేడెక్కనివాటిని కూడా. నల్లదాన్ని ముందు నుంచి వెనక్కి నడిపించి, కుంటిదాని వెనక పెట్టాడు. వంతు ముగించే మీట కూడా నొక్కేశాడు.

"ఏంది పెద్దనాయనా ఇది? ఒక వంతు మొత్తం పోయింది. ఇదేమన్నా గొర్రెల మందా?"

గొంతు పెరిగింది. పక్క మంచం మీదాయన తల తిప్పి చూశాడు.

"గాదులే" అన్నాడు పెద్దనాయన. "గొర్రెలయితే నేను నొక్కకపోయినా నీళ్లకాడికి పోతాయి."

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు అడ్డంగా ఎవరిదో మంద వచ్చింది. ఆటోవాడు హారన్ కొట్టబోతే, "ఉండు నాయనా, సగంలో చీలిపోతాయి" అని ఆపించాడు. చివరి గొర్రె దాటిందాకా తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. నా వైపు చూడలేదు. కోపం వల్ల కాదు. గొర్రెలు ఎదురుగా ఉంటే ఆయన ఎవరి వైపూ చూసేవాడు కాదు.

ఏడో వంతులో కనుమ వెనక నుంచి మూడు శత్రు రోబోలు వచ్చాయి. అలా వస్తాయని నాకు తెలియదు. నల్లది అక్కడ లేకపోతే కుంటిది ఆ వంతులోనే పోయేది. నల్లది రెండింటిని పడగొట్టింది. మూడోది వెనక్కి తగ్గింది. నువ్వు చెప్పిందే నిజమైందని ఆయనతో అనాల్సింది. అనలేదు. ఆయన కూడా "చెప్పలే?" అనలేదు. "ఇంగ పద" అన్నాడు, అంతే.

ఎక్కువ మాటల మనిషి కాదు. నాకు రెండుసార్లు ఉద్యోగం రాకుండా పోయినప్పుడు ఇంట్లో అందరూ ఏదో ఒకటి అన్నారు. ఆయన మాత్రం, "మేత లేని బీట్లో మందను నిలబెట్టుకుంటామా? ఇంగోటి చూస్తాం" అన్నాడు. ఓదార్చినట్టు కాకుండా, పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. అందుకే అది ఒక్కటే నాకు పనికొచ్చింది.

శనివారం ఎనిమిదో వంతు ముగించాం. సిస్టర్ సూదులు తీసి దూది అదిమి పట్టుకుంది. "మంగళవారం నేను రాను పెద్దనాయనా, ఇంటర్వ్యూ ఉంది. గురువారం ఆడదాం" అన్నాను.

"పోయిరా. అవి యాడికి పోతాయి? నిలబడే ఉంటాయి గదా" అన్నాడు.

మంగళవారం సంగతి మొదట్లోనే చెప్పాను.

పెద్దనాయన పెద్దదినం కర్మ అయిన మర్నాడు, మధ్యాహ్నం, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, పెద్దమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను గిన్నెలు సర్దుతున్నాను.

"కుంటిది దాటిందా?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అదే, మీ ఆట. ఓడ ఎక్కిందా?"

ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ అన్నం తింటూ ఆమెకు అంతా చెప్పేవాడట. ఈరోజు బొల్లిది ఎంత దూరం వచ్చింది, పొట్టిది ఏ బండ చాటున ఆగింది, అన్నీ. ఆమె ఆ తెరను ఒక్కసారి కూడా చూడలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెడితే ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించింది. "ఇది కొమ్ములది. ఇది బొల్లిది. ఏందే, మేడంత ఉంటాయన్నాడు, బొటనవేలంత గూడా లేవే!"

"దగ్గరికి తెస్తే పెద్దగా కనపడతాయి పెద్దమ్మా."

"వద్దులే, అట్లే ఉండనీ." వేలు వెనక్కి తీసుకుని, "వాగుకాడ ఆయన మీద కసురుకున్నావంట" అంది.

"చెప్పినాడా?"

"నవ్వుకుంటా చెప్పినాడులే. ఆ తర్వాత ఎనక నుంచి మూడు వచ్చినాయంటనే, ఆ పొద్దు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు."

నేను తెర వైపే చూస్తూ ఆడాను. అప్పటికే నాలుగు ఓడ ఎక్కి, తెరిచిన తలుపులోంచి కనపడుతున్నాయి. తలుపుకు ఐదు గళ్ల దూరంలో కుంటిది, దాని వెనక నల్లది. తొమ్మిదో వంతులో కుంటిది రెండు గళ్లు నడిచింది. నల్లది దాని వెనకే వచ్చింది. పదో వంతులో కుంటిది ఇంకో రెండు నడిచింది. తలుపుకు ఇంకా ఒక గడి ఉంది. దాని అడుగులు అయిపోయాయి. నల్లదానికి మాత్రం పక్క నుంచి నడిచి ఓడ ఎక్కేంత అడుగులున్నాయి.

"కుంటిది మిగిలిపోతుంది పెద్దమ్మా. నల్లదాన్ని ఎక్కిస్తే ఐదు దాటినట్టు."

"ఒక్క గడేనా?"

"ఒక్క గడే."

"లారీ ఎక్కని గొర్రెను ఎనక నుంచి తోస్తాం గదా. వీటికి తోసేది లేదా?"

ఉంది. శత్రువులను లోయలోకి తోయడానికి వాడతాం. మనవాళ్లను కూడా తోయొచ్చని ఇరవై నాలుగు లెవెల్స్‌లో నాకు ఒక్కసారీ తట్టలేదు. అయితే తోసినదానికి ఆ వంతు అక్కడితో అయిపోతుంది. ఆ మాటే చెప్పాను. "తోస్తే నల్లది బయటే ఉండిపోతుంది. ఇంకో వంతు లేదు."

పెద్దమ్మ మోకాలు రుద్దుకుంటూ చాలాసేపు తెర చూసింది. ఎక్కేది ఎవరో, మిగిలేది ఎవరో ఆమెకు నాకంటే బాగా తెలిసినట్టుంది.

"అది ఎనక నిలబడింది ఎందుకు మరి? తొయ్యి" అంది.

తోశాను. కుంటిది తూలుకుంటూ పోయి ఓడలో పడింది. తలుపు మూసుకుంది. గెలిచినట్టు అక్షరాలు వచ్చాయి. వాటి కింద ఆరు బొమ్మలు, ఐదు వెలుగుతూ, ఒకటి బూడిద రంగులో. ఆరూ దాటాలన్న ఆయన కోరిక తీరలేదు. ఐదో వంతు వాగులో నిలబెట్టకపోతే నల్లది కూడా ఎక్కి ఉండేది. నల్లదాన్ని వెనక్కి పంపకపోతే కుంటిది ఏడో వంతులోనే పోయి ఉండేది. రెండూ ఆయన ఒకే వంతులో చేశాడు. ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని తప్పు పట్టడం నా వల్ల కాలేదు. ఆటలో ఇంకా రెండు లెవెల్స్ ఉన్నాయి. వాటిని నల్లది లేకుండా ఆడాలి.

అక్షరాలు పోయాక ఓడ లేచింది. అది లేచేటప్పుడు కనుమ అంతా ఎర్రటి దుమ్ము కమ్ముకుంటుంది. ఆ దుమ్ములో నల్లది ఓడకు వీపు పెట్టి, వచ్చిన దారి వైపు తిరిగి నిలబడి ఉంది. పెద్దమ్మ ముందుకు వంగి పైట చెంగుతో తెరను తుడిచింది. దుమ్ము పోలేదు. చెంగును వేలికి చుట్టుకుని మళ్లీ తుడిచింది, ఈసారి మెల్లగా, నల్లదాని చుట్టూ.