నా పొట్టేలు మొక్కుది కాదు

మదనపల్లెలో మా వీధివాళ్ళు నా పొట్టేలును కంటి డాక్టరు అని పిలిచేవాళ్ళు. పొద్దున్నే అది ముందు, తాడు పట్టుకుని నేను వెనక బడికి బయలుదేరితే టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు, డాక్టరు డ్యూటీకి పోతాండాడు అనేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాదు. నా వెనక జాలిగా చప్పరించే వాళ్ళకంటే ఆ ఎగతాళి చేసేవాళ్ళే నయం.

కాలేజీలో ఉండగా జబ్బు చేసి నాకు రెండు కళ్ళూ పోయాయి. ఆ తరవాతే చదువు ముగించి సర్కారు బడిలో తెలుగు టీచరునయ్యాను. మా వాళ్ళు కురబలకోట పక్క గొర్రెలు మేపుకుని బతికినవాళ్ళు. నెలజీతం అనేది మా ఇంట్లో నాతోనే మొదలు. తెల్లకర్రతో నడవడం నేర్చుకున్నాను గానీ, మా ఊరి రోడ్లు కర్రకు లొంగే రకం కాదు. మూతల్లేని కాలవల్లో పడి కాళ్ళు బెణికించుకున్నాను. ఆ రోజుల్లోనే మా తమ్ముడు, తల్లి చచ్చిపోయిన ఒక గొర్రెపిల్లను తెచ్చి నా దగ్గర వదిలి వెళ్ళాడు. సీసాతో పాలు పట్టి పెంచాను. ఇంట్లో నా వెంటే తిరిగేది. కొంచెం ఎదిగాక వీధిలో నా ముందు నడవడం మొదలుపెట్టింది.

దానికి నేనేమీ నేర్పలేదు. కాలవ వస్తే అది నిలబడేది, తాడు బిగిసేది, నేనూ నిలబడేదాన్ని. టమోటా లారీలు తిరిగే రోడ్డు దగ్గర ఎంత అదిలించినా కదిలేది కాదు. మోత తగ్గాకే అడుగు వేసేది. తాడు వదులైందంటే దారి ఉన్నట్టు. బడిలో సైకిళ్ళ పక్కన కట్టేసుకుంటే సాయంత్రం దాకా నెమరు వేసుకుంటూ పడుకునేది. నా చెయ్యి పట్టుకుని నడిపించే పుణ్యాత్ములు ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళు వాళ్ళకు తోచిన చోటికి నడిపిస్తారు. రోడ్డు దాటాలని నేను అనుకోకముందే దాటించేసి, పుణ్యం మూటగట్టుకుని పోతారు. పొట్టేలు ఏనాడూ అలా చేయలేదు.

కుప్పంలో ఉండే మా అక్క పోయిన ఏడు జాతరకు రమ్మని ఫోను చేసింది. జాతర జరిగేది పుంగనూరు నుంచి కొంచెం దూరం పోతే వచ్చే ఊళ్ళో. పేరు రాయను. ఈసారి దివ్యాంగులకు వేరే లైను పెట్టారని, చక్రాల కుర్చీ ఎక్కేటట్టు వాలుగా దారి కట్టారని, వాలంటీర్లు కూడా ఉంటారని అక్క చెప్పింది. నాకు ఆశ పుట్టింది. చూపు పోయాక తొక్కిసలాటకు భయపడి జాతర మొహం చూడలేదు నేను. పొట్టేలుతో పోతే ఎవరికీ భారం కాకుండా పోయి రావచ్చనుకున్నాను.

అమ్మవారి దగ్గరికి మురికి ఒంటితో పోకూడదు కదా. ముందురోజు దానికి శుభ్రంగా స్నానం చేయించాను. పండగొస్తే ఎద్దుకూ బండికీ చివరికి బోరు మోటారుకూ బొట్టు పెట్టే జాతి మాది. నాకు దారి చూపేదానికి పెట్టకుండా ఎట్లా ఉంటాను? నొసట పసుపు రాసి కుంకుమ పెట్టాను. ఆటోలో పుంగనూరు చేరేసరికి బస్టాండులో అక్క ఎదురొచ్చి, ముద్దొస్తోందని దాని కొమ్ములకు పూలదండ కూడా చుట్టింది. మనిషి కళ్ళకు అది ఏమని కనబడుతుందో మా ఇద్దరికీ తట్టలేదు.

జాతర దగ్గర దిగితే ఒకటే పలకల మోత, మైకులు, రంగులరాట్నం కీచుమనే చప్పుడు. అక్క బ్యానరు చదివి దివ్యాంగుల లైను వెతికి పట్టింది. వాలుదారి మీద జనరేటరు పెట్టేశారట. లైన్లో ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళు నిలబడి ఉన్నారట. వాళ్ళల్లో ఒకామె చంకలో కుక్కపిల్ల కూడా ఉందని అక్క నా చెవిలో చెప్పింది. వాలంటీరు మాత్రం నన్నే ఆపాడు. ఇది మనుషుల లైను, మొక్కు పొట్టేళ్ళు అవతల పక్క అన్నాడు. ఇది మొక్కుది కాదప్పా, నాకు దారి చూపేది అన్నాను. నవ్వాడు. కావాలంటే దాన్ని గుంజకు కట్టేసి రమ్మన్నాడు. కత్తులు నూరుతున్న చోట దాన్ని ఎవరి మీద నమ్మకంతో కట్టేసి పోను? దర్శనం వద్దు, వెనక్కి పోదామని అక్కతో అన్నాను. వెనక్కి పోయే దారి కూడా ఆ అవతలి లైను పక్కనుంచే. తిరిగామో లేదో, జనం మమ్మల్ని అందులోకి తోసేశారు.

మా పక్క ఆచారం ఒకటుంది. బలికి తెచ్చిన పొట్టేలు మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఇక దాన్ని వెనక్కి తోలుకుపోకూడదు. నా మోచేతి మీద చల్లగా నీళ్ళు పడ్డాయి. వద్దు అని నేను నోరు తెరిచేలోపే పొట్టేలు విదిలించుకుంది. ఆ విదిలింపు తాడు వెంట వచ్చి నా అరచేతికి తగిలింది. నీళ్ళు పడితే ఒళ్ళు విదిలించని గొర్రె ఈ లోకంలో ఉందా? గొర్రెల ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలియదా? పలకలు ఒక్కసారిగా జోరందుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు దండాలు పెడుతున్నారని అక్క చెప్పింది.

తాడు నా చేతికి చుట్టుకున్నాను. మొక్కుకోలేదని, అది లేకపోతే నాకు నడక లేదని, బడికి ఎట్లా పోవాలని అరిచాను. ఎవరూ నన్ను కసరలేదు. అదే నాకు ఇప్పటికీ మండుతుంది. ఒక పెద్దాయన పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మ అడిగింది, అది ఒప్పుకునింది. ఎనక్కి తోలుకోని పోతే మీ ఇంటికి మంచిది గాదమ్మా."

అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. "నాకు పిల్లలుండారు మే. ఇడిసిపెట్టు" అంది.

నేను వదలలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి, చుట్టిన తాడును విప్పింది మా అక్క. పరాయివాళ్ళు లాగి ఉంటే పళ్ళతోనైనా కరిచేదాన్ని. ఆమె గాజులు నా మణికట్టుకు తగులుతుంటే చేతిలో బలం పోయింది. పొట్టేలు గింజుకోలేదు, అరవలేదు. తాడు అవతలి కొసన నేనే ఉన్నాననుకుని ముందుకు నడిచిపోయి ఉంటుంది.

కాసేపటికి ఆ వాలంటీరే వచ్చి, ఇప్పుడు స్పెషల్ లైన్లో పోదాం రమ్మని నా భుజం పట్టుకున్నాడు. ఆటో ఎక్కించమన్నాను. వినకుండా గుళ్ళోకి తీసుకుపోయి నిలబెట్టాడు. నేను దండం పెట్టలేదు. తల ఆలయం వాళ్ళకు పోగా మిగిలింది జాతరకు వచ్చి ఉన్న అక్క ఇంటివాళ్ళకు ఇచ్చారు. షామియానా కింద వండి అందరికీ వడ్డించారు. నా ముందు విస్తరి వేస్తే లేచి, ఎవరో పిల్లాడిని దారి అడిగి వెళ్ళి ఆటోలో కూర్చున్నాను. ప్రసాదాన్ని కాదనకూడదని అక్క వెనకనుంచి ఏడుస్తూ చెబుతూనే ఉంది. ఏడవడం ఎందుకు, తినడం ఎందుకు అని అడగాలనిపించింది.

ఇంటికొచ్చాక వీధి ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చారు. అమ్మవారు తానే అడిగి తీసుకుందంటే ఎంత అదృష్టమో అన్నారు. రేపు బడి దాకా ఎవరైనా తోడు వస్తారా అని అడిగితే ఒకరికి పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది, ఇంకొకరికి మునిసిపాలిటీ నీళ్ళు.

పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో అక్క. తొలి బస్సుకే కుప్పం నుంచి వచ్చిందట. నా మీద కోపమా అని అడగలేదు. "రా మే, బడికి నేను తీసకపోతా" అని చెయ్యి అందించింది.

ఆ చెయ్యి నాకు వద్దు. ఆ మాట నోటిదాకా వచ్చింది. వెళ్ళిపొమ్మని మాత్రం చెప్పి, కర్ర తీసుకుని తలుపు వేసి మెట్లు దిగి నాలుగడుగులు వేశాను. కాలవ ఎటు పక్కనుందో తెలియలేదు. ఎదురుగా లారీ హారను కొట్టింది. అక్క నా వెనకే ఉంది, ఊపిరి వినబడుతోంది. ప్రార్థన గంటకు టైమవుతోంది. నాకు వేరే దారి లేదు.

చెయ్యి వెనక్కి చాపాను. ఆమె పట్టుకుంది. ఆమె నడిపిస్తే బడికి నడిచాను.