టౌరంగాకి చేరని అలర్జీ

హామిల్టన్‌లో నేను చూసుకునే డేటాబేస్ ఒక క్లినిక్‌ల సంస్థది. ఇక్కడి సర్వర్‌లో పేషెంట్ గురించి ఏం రాసినా టౌరంగా క్లినిక్ సర్వర్‌లోకి దానంతటదే కాపీ అవ్వాలి. మధ్యలో కాపలాకి ఫైర్‌వాల్ ఉంది. కాసేపు డేటా ఏదీ కదలకపోతే అది చెప్పాపెట్టకుండా దారి మూసేస్తుంది. ఆ సంగతి ఇవతలి సర్వర్‌కీ తెలీదు, అవతలిదానికీ తెలీదు. కట్టయిన ఫోన్‌ని చెవికి ఆనించుకుని కూర్చున్నట్టే ఉంటాయి రెండూ. కంచే చేను మేస్తోంది, మా దారికి మినహాయింపు ఇవ్వండి మహాప్రభో అని ఫైర్‌వాల్ వాళ్లని అడిగాను. క్రిస్మస్ దగ్గర పడితే ఇక్కడ ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోరు. "ఏం కాదులే, సెలవులయ్యాక చూద్దాం" అన్నారు. ఒళ్లు మండింది. అయినా నవ్వి ఊరుకున్నాను.

ఆ సెలవుల మొదట్లోనే మా అమ్మాయికి పెన్సిలిన్ పడదని తేలింది. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి. మా హామిల్టన్ క్లినిక్‌లో డాక్టర్ ఆ మాట రికార్డులో టైప్ చేస్తుంటే పక్కనే ఉన్నాను. తగ్గాక, స్నేహితురాలి కుటుంబంతో టౌరంగా బీచ్‌కి వెళ్తానంటే పంపించాను.

మధ్యాహ్నం పులిహోర కలుపుతుంటే ఆ స్నేహితురాలి అమ్మ ఫోన్ చేసింది.

"కంగారు పడకండి. గవ్వ గుచ్చుకుని పాపకి కాలు తెగిందండీ. క్లినిక్‌లో అమాక్సిసిలిన్ ఇచ్చారు, తిన్నాక వేసుకోమన్నారు."

అదీ పెన్సిలిన్ జాతిదే. "వెయ్యనివ్వకండి!" అని అరిచాను.

"అయ్యో, స్క్రీన్ మీద అలర్జీలేం లేవన్నారే! పిల్లలు పైన తింటున్నారండీ, ఉండండి" అంటూ ఆవిడ ఫోన్ పట్టుకునే మెట్లెక్కడం వినిపిస్తోంది.

పసుపు చేతులతోనే ల్యాప్‌టాప్ తెరిచాను. కనెక్షన్ బాగుందని పచ్చ గుర్తు వెలుగుతోంది. లోపలికెళ్లి చూస్తే, టౌరంగాకి చివరగా చేరిన రికార్డు అలర్జీ తేలకముందుది.

"హలో అమ్మా?"

"మింగావా?"

"నో. చేతిలో ఉంది."

ఫైర్‌వాల్ మీది కోపమంతా పిల్ల మీదే చూపించాను. "పెన్సిలిన్ పడదని అక్కడ నోరు తెరిచి చెప్పలేవా?"

"చెప్పా అమ్మా. కంప్యూటర్‌లో లేదు, షూరేనా అని అడిగారు. అది నువ్వు చూసే కంప్యూటరే కదా. సో, నేనే రాంగ్ అనుకుని, షూర్ కాదన్నా."