నన్నే నమ్మని చిన్నాయన

పోయిన వారం మా చిన్నాయన పోయాడు. తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే నా నోట మొదట వచ్చిన మాట, "నీకెవరు చెప్పినారు?" ఏడుపు తరవాత వచ్చింది. ఈ అనుమానపు బుద్ధి ఆయన నాకిచ్చిన ఆస్తే. సైకిల్ రేసులో రోడ్డు పక్కన నిలబడినవాళ్ళు "అయిపోవచ్చింది, ఇంక కొంచెమే" అని అరుస్తారు చూడండి, వాళ్ళను అసలు నమ్మొద్దనేవాడు. "వాళ్ళు తొక్కినారా అప్పా? వాళ్ళకేం తెలుసు?"

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. నగర్తపేటలో నాన్నది బొత్తాలు, లేసులు అమ్మే దుకాణం. వెనక ఇంట్లో అందరం కలిసే ఉండేవాళ్ళం. చిన్నాయన మాత్రం దుకాణంలో కూర్చోకుండా ఫ్యాక్టరీలో చేరాడు. డెబ్బైలలో షిఫ్టుకు ముందే యలహంక దాకా తొక్కి వచ్చేవాడు, ఆదివారాలు రేసులకు పోయేవాడు. గెలిచినవి తక్కువ. ఓడిన ప్రతిదానికీ ఎవరో ఒకరి మీద అనుమానం ఉండేది.

రేసు ముందురోజు సాయంత్రమే చక్రాలు ఊడదీసి తన మంచం కింద పెట్టుకునేవాడు. చిన్నమ్మ చీపురు పట్టుకుని అటు వంగితే "ఏం జేస్తా ఉండావు అక్కడ?" అని గదమాయించేవాడు. నిమ్మకాయ, ఉప్పు, బెల్లం నీళ్ళు తానే కలుపుకుని, ఆ సీసా చంకలో పెట్టుకుని తిరిగేవాడు. తోటివాడెవరైనా ప్రేమగా రాగి గంజి ఇస్తే నవ్వుతూ తీసుకుని, అతను అటు తిరగ్గానే చెట్టు మొదట్లో పోసేవాడు. ఒకసారి మలుపులో టైరు ఊడివచ్చి పడ్డాడు. రేసు టైర్లను రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. ఎవరో కావాలనే ఊడగొట్టారని ఆయన, జిగురు ఆరకముందే ఎక్కి తొక్కావని మా నాన్న. నాన్న పోయేదాకా ఆ తగువు తెగలేదు. మా అవ్వయితే, "వీడు తాళి కట్టినప్పుడు కూడా ముడి లాగి లాగి చూసినాడు" అనేది.

ఎనభైలలో నేను రేసులకు దిగాను. కాలేజీలో చదివే ఆడపిల్ల నిక్కరు వేసుకుని రోడ్డెక్కడం మా పేటలో ఎవరికీ నచ్చలేదు. నాన్న ఓర్చుకున్నంత ఓర్చుకుని చివరికి షరతు పెట్టాడు. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే సరే, లేకపోతే సైకిల్ మానేసి దుకాణంలో కూర్చోవాలి. జట్టుకు ముగ్గురినే తీసుకుంటారు. ఇంట్లో నా పక్షాన ఉన్నది చిన్నాయన ఒక్కడే. ఆ మాట వినగానే నన్ను తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన శిక్షణంతా అనుమానమే. "వెనక గాలి వీస్తా ఉందని సంతోషపడొద్దు అమ్మణ్ణీ, తిరిగి వచ్చేటప్పుడు అదే మొహాన కొడతాది." "పక్కన పిల్ల రొప్పుతా ఉందంటే నమ్మొద్దు, నాటకమై ఉంటాది." "నీ కాళ్ళు తేలిగ్గా ఉండాయంటే ఇంకా నమ్మొద్దు." నాకొక జబ్బు ఉండేది. వెనక చక్రం దగ్గరి పళ్ళచక్రాల్లో అన్నిటికంటే చిన్నదాని మీదికి చైను దించి, మొదట్లోనే దూసుకుపోవడం. బండి పరిగెడుతుంది కానీ తొక్కుడు బరువు, సగం దారిలోనే కాళ్ళు మొద్దుబారేవి. ఎన్ని తిట్లు తిన్నా ఆ ఆశ చావలేదు.

ఎంపిక రేసు ముందురోజు సాయంత్రం నాన్న, చిన్నాయన దుకాణంలో గుసగుసలాడుతూ కనిపించారు. నన్ను చూడగానే నాన్న అవసరం లేకపోయినా ఒక లేసుకట్ట విప్పసాగాడు.

"ఏం మాట్లాడుకుంటా ఉండారు?"

"సుమ్మనే" అన్నాడు చిన్నాయన. ఊరికే అని అర్థం. ఆ మనిషి ఏదీ ఊరికే మాట్లాడడని నాకు తెలుసు. మర్నాడు సైకిల్ ఆయనే తుడిచి తెచ్చాడు, నా మొహం చూడకుండా చేతికిచ్చాడు.

హెబ్బాళ దగ్గర మొదలై యలహంక దాటి పోయి వెనక్కి రావాలి. పోయేటప్పుడు గాలి వెనకనుంచే. తక్కిన పిల్లలు దూసుకుపోతుంటే నేనూ గేరు మీట నెట్టాను. చైను చిన్న పళ్ళచక్రం మీదికి దిగలేదు. మళ్ళీ నెట్టాను, దిగలేదు. మొన్నటిదాకా బాగున్న గేరు, చెయ్యి వేసింది చిన్నాయన ఒక్కడే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాననుకున్నాను. నాన్న నూరిపోశాడు, ఈయన తలూపాడు, కంచే చేను మేసింది. కోపంతో ఏడుస్తూ, ఉన్న తేలిక గేరులోనే కాళ్ళు గిరగిరా తిప్పాను. ముందుపోయినవాళ్ళు కనుమరుగయ్యారు.

తిరుగుదారిలో గాలి ఎదురైంది. యలహంక దగ్గర ఒక పిల్ల కనిపించింది. పాపం, కాళ్ళు ఆడడం లేదు. ఆమెను దాటాను. ఇంకొంత దూరం పోయాక మరో ఇద్దరిని దాటాను. మూడోదాన్నిగా వచ్చాను, జట్టులో చోటు దొరికింది.

సంతోషం కూడా పడకుండా సైకిల్ చిన్నాయన ముందు పడేసి "గేరు పాడు చేసిందెవరు?" అన్నాను. ఆయన జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, వెనక గేరు దగ్గరున్న స్క్రూను కాస్త వదులు చేశాడు. వెనకచక్రం ఎత్తి పెడలు తిప్పుతూ మీట నెట్టగానే చైను టక్కున చిన్న పళ్ళచక్రం మీదికి దిగింది.

"నేనే బిగించినా. మీ నాయన వద్దనే చెప్పినాడు. ఓడిపోతే ఆ పాప నిన్ను జన్మలో నమ్మదురా అన్నాడు."

"నన్ను కూడా నమ్మలేదా నువ్వు?"

"నిన్నే నమ్మలేదప్పా. గాలి వెనకుంటే నువ్వు ఆగే పిల్లవి కాదు."

"ఆ గేరు ఉండి ఉంటే మొదటిదాన్ని అయ్యేదాన్నేమో. ఇంకపైన నా బండి ముట్టొద్దు."

"అయ్యేదానివేమో. నాకు తెలీదు" అన్నాడు. సర్దిచెప్పలేదు.

ఆ మూడో స్థానం నాదా, ఆయనదా అన్నది ఈనాటికీ నాకు అనుమానమే. ఆయన లేకపోతే బొత్తాలు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్నన్నది మాత్రం నిజం. కోపం, రుణం రెండూ అలాగే ఉన్నాయి.

ఆ రోజు ఇద్దరం సైకిళ్ళ మీదే ఇంటికి బయలుదేరాం. కోపంతో నేను ముందుపడ్డాను. రేసులు తొక్కేవాళ్ళు ముందువాడి చక్రానికి దాదాపు ఆనుకుని వెనక తొక్కుతారు. గాలి తగలదు, సగం శ్రమ తగ్గుతుంది. కానీ ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకవాడి పళ్ళు రోడ్డు మీదే. అందుకే చిన్నాయన ఎన్నడూ ఎవరి వెనకా అలా తొక్కి ఎరగడు, గాలంతా తనే తిన్నాడు, ఓడిందీ అందుకేనేమో. మేఖ్రీ సర్కిల్ దాటాక వెనక చైను చప్పుడు మరీ దగ్గరగా వినిపించి, చంక కిందనుంచి చూశాను. ఆయన ముందుచక్రం నా వెనకచక్రానికి బెత్తెడు దూరంలో ఉంది. తల వంచుకుని, రోడ్డు కూడా చూడకుండా, నా చక్రాన్నే చూస్తూ తొక్కుతున్నాడు. నేను బ్రేకుల మీంచి వేళ్ళు తీసేశాను.