చీటీలో రాని ఊరు

అనూరాధ సర్వే పనిమీద ఊళ్లు తిరుగుతుంది. తలుపుమీద సుద్దముక్కతో నంబరు వేసి, చెప్పులు విడిచి, మంచినీళ్లడిగి తాగాకే ప్రశ్నలు మొదలుపెడుతుంది. తాళం వేసిన ఇల్లుంటే సాయంత్రం మళ్లీ వస్తుంది. జిల్లా అంతా తిరగలేరు కాబట్టి, ఆఫీసులో చీటీలు తీసినట్టు కొన్ని ఊళ్లను ఎంచుతారు. ఎంచిన ఊళ్లో మాత్రం ఒక్క గడపా వదలకూడదు. ఆ నియమం మీదే ఆమె ఆశంతా. వేరే కులం అతన్ని చేసుకుని అరసవల్లి వచ్చేశాక పుట్టింటి గడప తొక్కింది లేదు, పిలిచినవాళ్లూ లేరు. పుట్టినూరి పేరొస్తే అమ్మ గుమ్మంలో తను నిలబడక తప్పదు, “మీకు పిల్లలెంతమంది?” అని అడగక తప్పదు. ఎన్ని సర్వేలైనా ఆ పేరు మాత్రం రాలేదు.

ఈసారి ఉప్పుటేరుకి ఇవతలి ఊరొచ్చింది. అవతలి ఒడ్డున ఆమె పుట్టినూరి పడవలు కనబడుతున్నాయి. ఎండుచేపలు తిరగేస్తున్న అసిరమ్మ అడిగింది: “మమ్మల్నే అడుగుతన్నావేటమ్మా? అద్దరి ఊరోల్లని అడగవా?”

“అన్నూర్లూ తిరగలేం కదా పిన్నీ. మీరు సెప్తే ఆల్లు సెప్పినట్టే.” ఏ ఊళ్లోనైనా ఆమె చెప్పే మాటే అది. తర్వాత పిల్లల సంగతి అడిగింది.

“నలుగురు. పెద్దోడు గుజరాత్ బోటుకెల్లి మరి రానేదు, మాటా నేదు. ఆడ్ని కూడా ఎయ్యి. కన్నాను కదా.”

అనూరాధ ట్యాబ్‌లో నాలుగు నొక్కింది. తర్వాతి ప్రశ్నకి వెళ్లలేదు. అవతలి ఒడ్డుకేసి చూస్తూ మెల్లగా అంది:

“మీరు సెప్తే ఆల్లు సెప్పినట్టే కదా, పిన్నీ?”