మరకలనుకున్న చుక్కలు

తెల్లకాగితం మీద మరక కనబడితే తనూజ చెయ్యి ఊరుకోదు. ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసిన ఆ పిల్ల సీతారాండేరాలోని ఒక డీటీపీ షాపులో ఎనిమిదేళ్లుగా ఫ్యాక్టరీల భద్రతా పుస్తకాలకు పేజీలు కడుతోంది. ఆదిత్యపూర్ ఫ్యాక్టరీల నుంచి షెడ్ల పాత పటాలు వస్తాయి. నూనె చేతుల ముద్రలు, మడతలు, చెద తిన్న అంచులు. స్కాన్ చేస్తే అవన్నీ బూడిదరంగు గళ్ల బొమ్మలై కూర్చుంటాయి. అలాగే పేజీలో పెడితే అచ్చులో గీతలు మెట్లు మెట్లుగా పగిలిపోతాయి. అందుకని ముందు బొమ్మను నలుపూ తెలుపూ చేసి, మరకలు తుడిచి, ఆ తరవాత కంప్యూటర్ చేత అంచులు పట్టి గీతలు కొత్తగా గీయించాలి. మరకలు తుడవడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది. పన్నెండు పిక్సెళ్ల లోపు చుక్క ఏదైనా మురికేనని దానికి చెప్పిపెట్టింది ఆమే.

"మా తనూజ చేతిలో పడితే బొగ్గుగనైనా పాలరాయి అయిపోద్ది" అనేవాడు షాపు యజమాని చంద్రశేఖర్.

ఆ ఆదివారం ఆమె బిర్సానగర్‌లో ఇంట్లోనే ఉంది. భర్త బలరామ్‌కు మాత్రం సెలవు లేదు. అతను పనిచేసే ఫ్యాక్టరీ మూసి ఉన్న రోజే కొత్త మిషన్ పునాదికి షెడ్డులో నేల తొలవాలి. ఎక్కడ తొలవాలో చూసుకోవడానికి ఆ ఫ్యాక్టరీకి పోయిన నెల తనూజ చేసిన భద్రతా పుస్తకాన్నే సంచిలో పెట్టుకుని పోయాడు.

రెండేళ్ల యోగిత నాన్న కోసం ఒకటే రాగం. ఊరుకోబెట్టడానికి తనూజ పిల్ల ఫొటోనే గీతల బొమ్మగా మార్చి, రంగులు వేసుకోమని అచ్చు తీసి ఇచ్చింది. అత్త పైడమ్మ ఆ కాగితం అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"ఏటే అమ్మీ, బిడ్డ బుగ్గ మీద దిష్టిచుక్కేదీ?"

"అరే అత్తా, చిన్న చుక్క కదా. మిషన్ మురికనుకుని తీసేసింది."

"మురికా! పొద్దున్న నా చేత్తో పెట్టినాను. నీ మిషన్‌కి కళ్లు నేవేటే?"

తనూజ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. చిన్న చుక్క. బలరామ్ వాళ్ల షెడ్డు పటంలో నేల కింద గ్యాస్ గొట్టం ఎటు పోతుందో చూపించింది కూడా గీతతో కాదు, సన్నటి చుక్కల వరసతో.

లాప్‌టాప్ తెరిచింది. పాత స్కాన్‌లో చుక్కలు చీమల బారులా షెడ్డుకు అడ్డంగా పోతున్నాయి. పుస్తకం పేజీలో అక్కడ ఏమీ లేదు. ఉత్త తెలుపు.

బలరామ్ ఫోను మోగి మోగి ఆగింది. ఫోన్లు గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి. గేటు నంబరు ఆ పుస్తకం చివరి పేజీలోనే ఉంది, ప్రమాదం జరిగితే పిలవమని. ఆ నంబరు కొట్టింది.

"క్యా? జోర్ సే బోలియే మేడమ్, డ్రిల్ చల్ రహా హై!" అన్నాడు గార్డు, డ్రిల్లు మోతలో వినబడక గట్టిగా చెప్పమంటూ.

"బంద్ కరాయియే! నీచే గ్యాస్ లైన్ హై!" కింద గ్యాస్ గొట్టం ఉంది, ఆపించమని అరిచింది తనూజ.

గార్డు ఫోను బల్ల మీద పడేసిన చప్పుడు. పరిగెత్తిన బూట్ల చప్పుడు. ఆ వెనక డ్రిల్లు మోత, పంటినొప్పిలా, ఆగకుండా. పిల్ల వచ్చి ఒళ్లో ఎక్కింది. తనూజ ఫోను చెవికి ఇంకా నొక్కిపట్టింది.

మోత ఠక్కున ఆగిపోయింది. మనిషి ఆపితే ఆగిందో, ఇంకెందుకు ఆగిందో తెలియలేదు.

"ఏటే తనూ? ఏటయింది?" బలరామ్ గొంతు.

తనూజ చుక్కల సంగతి చెప్పింది. పాత స్కాన్‌లో గోడ నుంచి గొట్టం దాకా కొలిచి ఎన్ని అడుగులో చెప్పింది. అతను టేపు పట్టుకుని పోయి వచ్చాడు.

"జానెడు" అన్నాడు. "గొట్టానికి ఇంకో జానెడుంది, అంతే."

ఇంట్లో పైడమ్మ కాటుక వేలితో అద్ది, కాగితం మీది పిల్ల బుగ్గకు చుక్క పెట్టింది. తనూజ చూడలేదు. ఆమె కళ్లు ఎనిమిదేళ్ల ఫైళ్ల జాబితా మీద ఉన్నాయి. అన్నిటికీ అదే మీట. ఎవరెవరి సంచుల్లో ఉన్నాయో ఆ పుస్తకాలు.

మొదటిది తెరిచింది. ఏదో బాయిలర్ షెడ్డు. పేజీ పాలరాయిలా తెల్లగా ఉంది.