జానెడు పాత పోగులు

వనపర్తి నుంచి గద్వాల పోయే బస్సులో నా పక్క సీటాయన ఒడిలో తువ్వాలు చుట్టిన కంప్యూటర్ డబ్బా పెట్టుకున్నాడు. విండోస్ 95 కొత్తగా వచ్చిన రోజులవి. డబ్బా మాత్రం అంతకు చాలా ముందుది.

"రిపేరుకా?" అని అడిగాను.

"కొత్త విండోస్ ఏయించిన సారూ. నడుస్తున్నది గానీ, శానా మెల్లగ."

ఆయన చీరలు నేస్తాడట. కూతురు ఈ కంప్యూటర్లోనే చీర అంచులు గీసేది. నిరుడు జ్వరమొచ్చి చనిపోయింది. ఆమె గీసిన ఆఖరి అంచు నేద్దామనుకుంటే, కొత్త విండోస్ ఉంటేనే ప్రింటు తీస్తామని వనపర్తిలో కంప్యూటర్ షాపువాళ్లు అన్నారట.

"పాతది తీసేసి కొత్తది ఎయ్యాల్నా అని షాపాయన అడిగిండు. ఊఁ అన్న. మగ్గం మీద నేసిన చీర కోసినా, జానెడు పాత పోగులు ఇడిసిపెడ్తం సారూ. కొత్త పడుగు దారాలు వాటికే అతుకుతం. గిది గూడ గట్లనే అనుకున్న."

పాతదానితో పాటే డబ్బాలో ఉన్నదంతా చెరిగిపోయింది; బిడ్డ గీసినవేవీ మిగల్లేదు. నాకు ఆ షాపతని మీద కోపం వచ్చింది. ఆయన కోపమంతా తన 'ఊఁ' మీదే. అయినా బస్సు గుంతలో పడ్డప్పుడల్లా డబ్బా కింద అరచెయ్యి పెడుతూనే ఉన్నాడు.

గద్వాలలో ఆయన దిగాక డబ్బా అందించాను. భుజానికెత్తుకుని ఒక్క క్షణం ఆగాడు.

"పొద్దున తీస్కపొయ్యేటప్పుడు ఎంత బరువుండెనో, ఇప్పుడు గూడ గంతే ఉన్నది సారూ" అన్నాడు.